కుట్టేముందు ఆగమన్న నర్సమ్మగారు

గత గురువారం ఉదయం రోగుల్ని చూస్తూ ఉండగా, దేవరాపల్లి నుంచి మొదటి బస్సులో వచ్చిన ఒకాయన గుమ్మం దగ్గర నిలబడి, "అమ్మగోరూ, మా అత్త పోనాదండి" అన్నాడు. మా ఆసుపత్రికి ఇలాంటి కబుర్లు రోజూ వస్తాయి. ఏ అత్త అని మామూలుగానే అడిగాను. "అప్పలనర్సమ్మండి. మీ నర్సమ్మ" అన్నాడతను. విన్నమాట మనసుకు ఎక్కడానికి కొంతసేపు పట్టింది. పదిరోజుల సెలవు మీద మేనల్లుడి ఇంటికి వెళ్ళారావిడ. జ్వరమని తెలిసి మందులు పంపించాను. అది ఊపిరితిత్తులకు పాకిందని నాకెవరూ చెప్పలేదు.

"నాకు కబురు ఎందుకు పంపలేదయ్యా? వచ్చి ఉండేదాన్ని కదా" అన్నాను.

"పంపుతామంటే ఒప్పుకోనేదండి. బుధవారం అమ్మగోరికి ఆపరేసన్లుంతాయి, ఆవిణ్ణి పిలవకండొరే అన్నాది. తెల్లారీసరికి పోనాది" అన్నాడు.

ఆ బుధవారం నేను రెండు ఆపరేషన్లు చేశాను. రెండూ అంత అత్యవసరమైనవి కావు. మర్నాటికి వాయిదా వేసినా ఎవరికీ ఏ నష్టమూ ఉండేది కాదు. ఈ సంగతి ఆవిడకు తెలియదు. నాకు తెలుసు.

చోడవరం వారికి శ్రీమతి అప్పలనర్సమ్మగారిని పరిచయం చెయ్యవలసిన పనిలేదు. మనిషి పొడుగు, గొంతు గట్టిది, కోపం ఇంకా గట్టిది. పేరులో చివరి సగమూ, చేసే ఉద్యోగమూ ఒకటే కావడంతో ఊరందరికీ నర్సమ్మే అయిపోయారు. పురుళ్ళు పోసిన నర్సమ్మగా ఆవిడను ఎరిగినవారు వందలమంది ఉంటారు. అయితే ఆపరేషను గది తలుపు మూసుకున్న తరువాత ఆవిడ చేసిన పని ఏమిటో చూసినవాళ్ళం ఇద్దరమో ముగ్గురమో. వారిలో నేను ఒకతెను గనక ఆ సంగతి రాయడం నా విధి. రాయకపోవడం ఎటువంటి తప్పో ఈ వ్యాసం చివర చెబుతాను.

నర్సమ్మగారు దేవరాపల్లి దగ్గర ఒక రైతు కుటుంబంలో పుట్టారు. పెళ్ళయిన ఆరేళ్ళకు కూడా పిల్లలు కలగలేదని భర్త ఇంకొకరిని చేసుకున్నాడు. పుట్టింటికి వచ్చి రెండేళ్ళు అన్నగారి చెరకుతోటలో పనిచేశారు. ఇరవైరెండో ఏట అక్షరాలు దిద్ది, ఆ తరువాత విశాఖపట్నం వెళ్ళి నర్సు పని నేర్చుకున్నారు. ఇవన్నీ ఆవిడ ఒక్కసారిగా చెప్పినవి కావు. సామాన్లు ఉడకబెట్టేటప్పుడొక ముక్క, గుడ్డ మడిచేటప్పుడొక ముక్క చెప్పారు. తన కష్టాన్ని గురించి మాట్లాడేటప్పుడు ఆవిడ గొంతులో ఏ మార్పూ ఉండేది కాదు.

నేను మద్రాసులో చదివి, చేతిలో ఒక పతకంతో, తలలో బోలెడు గర్వంతో ఇక్కడికి వచ్చినప్పుడు ఆవిడకు నలభై దాటాయి. మొదటిరోజున నన్ను ఎగాదిగా చూసి, "మీ సేతులు సన్నగా ఉన్నాయమ్మా, మంచిదే" అన్నారు. అది పొగడ్తో కాదో తెలియలేదు. ఆవిణ్ణి నేను "నర్సమ్మా" అనీ, "నువ్వు" అనీ పిలిచేదాన్ని. వయసులో నాకన్నా పెద్దదని తోచకపోలేదు. డాక్టరు నర్సును అలాగే పిలవాలనుకున్నాను.

నేను వచ్చిన రెండో సంవత్సరంలో కె.కోటపాడు వైపు నుంచి పైడమ్మ అనే ఆమెను బండిమీద తీసుకువచ్చారు. నలభై ఏళ్ళుంటాయి. గర్భసంచిలో కొబ్బరికాయంత గడ్డ. నెలల తరబడి రక్తం పోయి, కళ్ళు సున్నంలా తెల్లబడ్డాయి. భర్త సన్నాసి చెరకు రైతు. గానుగ రోజులైనా పని వదులుకుని భార్య మంచం దగ్గరే కూర్చునేవాడు. నెలరోజులు మందులిచ్చి కాస్త బలం వచ్చాక గర్భసంచి తీసెయ్యాలని నిశ్చయించాను.

చదువరులకు ఒక్క సంగతి చెప్పాలి. మూత్రపిండాల నుంచి మూత్రాశయానికి రెండు సన్నని గొట్టాలు దిగుతాయి, పక్కకొకటి. గర్భసంచికి రక్తాన్ని తెచ్చే నాళం కిందుగా, వేలెడు దూరంలో, అవి పోతాయి. గర్భసంచి తీసేటప్పుడు ఆ రక్తనాళాన్ని దారంతో కట్టాలి. తొందరపడితే దారంలో మూత్రనాళం కూడా చిక్కుకోవచ్చు. చిక్కుకున్నా అప్పటికి ఏమీ తెలియదు. మత్తులో ఉన్న రోగికి నొప్పి ఉండదు, రక్తం కారదు. పని చక్కగా ముగిసినట్టే కనిపిస్తుంది. కడుపు కుట్టేస్తాం. తరువాత ఆ పక్క మూత్రపిండం చడీచప్పుడు లేకుండా చెడిపోతుంది. లేకపోతే వారానికో పదిరోజులకో నాళం చిల్లిపడి, మూత్రం యోనిమార్గాన ఇరవైనాలుగు గంటలూ కారుతుంది. అటువంటి స్త్రీని ఇంట్లోవాళ్ళు కూడా దగ్గరికి రానివ్వరు. కడుపు తెరిచి ఉన్నప్పుడు కనిపెడితే దిద్దుకోవడం తేలిక. కుట్టేసిన తరువాత చాలా కష్టం.

పైడమ్మకు ఆపరేషను చేస్తుండగా ఎడమవైపు కట్టిన దారం జారింది. క్షణంలో కడుపంతా రక్తం. లోపల ఏమీ కనిపించలేదు. చేతికి అందినచోట పట్టుకారు వేసి, గట్టిగా కట్టేశాను. రక్తం ఆగింది. మత్తు ఇస్తున్న కాంపౌండరు, "నాడి బలహీనంగా ఉందమ్మా, త్వరగా కానివ్వండి" అన్నాడు. కడుపు మూసేద్దామని సూది కోసం చెయ్యి చాచాను. సూది రాలేదు. తలెత్తి చూస్తే నర్సమ్మగారు దాన్ని తన చేతిలోనే పట్టుకుని నిలబడి ఉన్నారు.

"ఆగండమ్మా. ఎడం పక్క మూత్రం గొట్టం సూసేరా?"

"చూశాను. సూది ఇయ్యి."

"సూణ్ణేదు. నాను మీ సేతులే సూస్తన్నాను. రగతం ఆగిందని సూసేరు. గొట్టం సూణ్ణేదు."

నాకు ఒళ్ళు మండిపోయింది. "ఇక్కడ డాక్టరు నువ్వా, నేనా?" అన్నాను.

"మీరే. అందుకే మిమ్మల్ని సూడమంతన్నాను. తిట్టాలనుంతే బయటికెల్లేక తిట్టండి, పడతాను. దీని నాడి కాంపౌండరుబాబు సూసుకుంతాడు. మీరు గొట్టం సూడండమ్మా."

ఆవిడ సూది ఇచ్చేలా లేరు. కోపంతోనే మళ్ళీ చెయ్యి లోపల పెట్టాను. ముందు కుడిపక్క వెతికాను. అక్కడ మూత్రనాళం సన్నగా, తాకితే వానపాములా మెల్లగా ముడుచుకుంటూ కదిలింది. బాగానే ఉంది. ఎడమపక్కది పైన పెద్ద రక్తనాళాల దగ్గర దొరికింది. దాన్ని పట్టుకుని కిందికి వచ్చాను. వస్తున్నకొద్దీ లావయింది. నేను వేసిన కట్టు దగ్గర ఆగిపోయింది. కట్టుకు పైన ఉబ్బి, కదలిక లేకుండా ఉంది.

నర్సమ్మగారు నా ముఖం చూసి సంగతి గ్రహించి, "ఇప్పీయండి. రగతం వస్తాది, రానీయండి, నాను అద్దుతాను" అని మాత్రం అన్నారు. దారం కోశాను. రక్తం చిమ్మింది. ఆవిడ గుడ్డతో నొక్కి, మెల్లగా పక్కకు తీస్తూ నాకు దారి చూపించారు. ఈసారి మూత్రనాళాన్ని వేలితో పక్కకు తప్పించి రక్తనాళం ఒక్కదాన్నే పట్టుకుని కట్టాను. తరువాత గోరువెచ్చని ఉప్పునీళ్ళు పోసి ఇద్దరం చూస్తూ నిలబడ్డాం. నలిగినచోట నాళం పాలిపోయి ఉంది. ఎంతసేపు చూశామో చెప్పలేను. మెల్లమెల్లగా రంగు వచ్చింది. పైనుంచి ఒక చిన్న అల బయలుదేరి, నలిగినచోటు దాటి, కిందికి పాకింది.

"అదిగో కదిలింది" అన్నారు నర్సమ్మగారు. సూది నా చేతికి వచ్చింది.

బయటికి వచ్చాక చేతులు కడుక్కుని ఆవిడ కోసం చూశాను. ఆసుపత్రి పెరట్లో గోడవార కూర్చుని చుట్ట కాలుస్తున్నారు. నిప్పున్న కొస నోట్లో పెట్టుకుని కాల్చే అడ్డపొగ. దాన్ని మానమని నేను ఎన్నిసార్లు చెప్పినా వినలేదు. నన్ను చూసి చుట్ట తీసి లేవబోయారు. "కూర్చోండి నర్సమ్మగారూ" అన్నాను. అప్రయత్నంగా వచ్చింది ఆ మాట. ఆవిడ ఆశ్చర్యపడి నన్ను చూశారు. ఆ తరువాత నేను ఆవిణ్ణి ఇంకోలా పిలవలేదు.

"మీకెలా తెలిసింది?" అని అడిగాను.

"తెల్దమ్మా. అనుమానం" అని, ఎన్నో ఏళ్ళ కిందటి సంగతి చెప్పారు.

కొత్తగా ఉద్యోగంలో చేరిన రోజులట. ఎక్కడో, ఏ డాక్టరో ఆవిడ చెప్పలేదు, నేను అడగలేదు. సూరమ్మ అనే ఒక రైతుకూలీకి ఇదే ఆపరేషను జరుగుతోంది. కడుపు మూసేముందు లోపల గుడ్డ అద్దితే ఎర్రగా కాక తడిగా వచ్చింది. మళ్ళీ అద్దారు. మళ్ళీ తడి.

"అది రగతం కాదమ్మా, నీల్లు. ఎక్కడో సిల్లు పడింది. నాకు తెలిసిపోనాది. సెప్దామని నోటిదాకా వచ్చినాది. ఆయన పెద్ద డాక్టరు, నాను నిన్న కాక మొన్న వచ్చినదాన్ని. తిడతాడని బయం. ఉజ్జోగం పోతాదని బయం. సెప్పనేదు. కుట్టీసేరు. ఆరో రోజుకి దాని పక్కంతా తడిసిపోనాది."

సూరమ్మను ఇంటికి పంపేశారు. భర్త ఆమెను పశువుల సాలలో పడుకోబెట్టాడు. ఏడాది తరువాత నర్సమ్మగారు సెలవు పెట్టి, ఊరు వెతుక్కుంటూ ఆమె దగ్గరికి వెళ్ళారు. తాను చూసిందీ, చెప్పకుండా ఊరుకున్నదీ ఆమె ఎదుట కూర్చుని చెప్పేశారు.

"ఏమన్నదామె? తిట్టిందా?" అన్నాను.

"తిడితే బాగుండునమ్మా. 'నువ్వు సెప్తే మాత్రం ఆయన ఇనేవోడేటి అప్పా' అన్నాది. నన్ను వదిలీసింది. నన్ను నాను వదల్నేదు. ఇనేవోడో ఇననోడో, సెప్పడం నా వొంతు కదా."

ఆవిడ సూరమ్మను వెంటబెట్టుకుని విశాఖపట్నం బయలుదేరారు. వాసన వస్తోందని బస్సులో మనుషులు గొడవ చేస్తే సగం దారిలో దింపేశారు. మిగిలిన దారి ఇద్దరూ నడిచారు. నడుస్తున్నంతసేపూ సూరమ్మ కాళ్ళ వెంబడి తడి కారుతూనే ఉందట. అక్కడ పెద్దాసుపత్రిలో ఒకసారి చేసిన ఆపరేషను విఫలమైంది. మూడునెలలు ఆగి మళ్ళీ చేశారు. రెండోసారి నిలిచింది. ఆ మూడునెలలూ సూరమ్మ నర్సమ్మగారి గదిలోనే ఉంది. సూరమ్మ ఇప్పటికీ అనకాపల్లి బెల్లం బజారులో పనిచేసుకుంటూ ఆరోగ్యంగా ఉంది. భర్త దగ్గరికి మాత్రం తిరిగి వెళ్ళలేదు.

పైడమ్మ విషయంలో ఇంకొక ఘట్టం ఉంది. జరిగిన పొరపాటు ఆమె భర్తకు చెప్పాలా వద్దా అని నేను తటపటాయించాను. సరిదిద్దాం గదా, చెప్పి భయపెట్టడమెందుకు అన్నాను. నర్సమ్మగారు, "సెప్పీయండమ్మా. రేపు తడిస్తే ఎందుకు తడిసిందో ఆడికి తెలవాల" అన్నారు. సన్నాసిని పిలిచి, రక్తం ఆపే తొందరలో మూత్రనాళం మీద కట్టు పడిందనీ, చూసి విప్పేశాననీ చెప్పాను. అతను శ్రద్ధగా విని, "మరి ఇప్పీసేరు కదమ్మా?" అన్నాడు. "ఆ, విప్పేశాను." "అయితే మరేటి?" అని భార్య దగ్గరికి వెళ్ళిపోయాడు. నేను ఆ మాట చెప్పడానికి ఒక పగలంతా కూడగట్టుకున్న ధైర్యం అంత తేలిగ్గా తేలిపోయింది.

ఆ తరువాతి పదిరోజులూ తేలిగ్గా గడవలేదు. నర్సమ్మగారు పొద్దున్నే వచ్చి పైడమ్మ మూత్రం సీసాను కిటికీ వెలుగులో పట్టి చూసేవారు. ఎంత వచ్చిందో, ఏ రంగో నాకు చెప్పేవారు. పక్కగుడ్డ తడిమి చూసి, "పొడిగా ఉన్నాది" అనేవారు. ఆ రెండు మాటల కోసం నేను వరండాలో నిలబడి ఉండేదాన్ని. పదో రోజున మూత్రం కోసం పెట్టిన రబ్బరు గొట్టం తీసేశాం. పదకొండో రోజు పొడి. పన్నెండో రోజూ పొడి. పద్నాలుగో రోజున పైడమ్మ బండెక్కి ఇంటికి వెళ్ళింది.

అప్పటినుంచి మా ఆపరేషను గదికి ఒక నియమం ఏర్పడింది. మూసేముందు రెండు మూత్రనాళాలనూ నేను చూసి, తాకి, కదలిక ఉందని పైకి చెప్పాలి. చెప్పేదాకా సూది రాదు. రెండోది మూత్రాశయానికి పరీక్ష. మరగబెట్టిన నీళ్ళలో నీలంమందు కలిపి రబ్బరు గొట్టం గుండా మూత్రాశయంలోకి పంపి, బయట తెల్లగుడ్డ అద్ది చూడాలి. ఎక్కడైనా చిల్లు ఉంటే గుడ్డమీద నీలం పడుతుంది. ఆ నీళ్ళు కలపడం ఆవిడ ఎవరికీ వదిలేవారు కాదు. ఎప్పుడూ వేళ్ళకు నీలం ఉండేది. బజారులో కూరలమ్మే ఆమె, "ఏటి నర్సమ్మా, ఈ వయసులో పరీచ్చలు రాస్తన్నావా?" అని హాస్యమాడేది. "రోజూ రాస్తన్నానే" అనేవారీవిడ.

ఒకసారి నీలంమందు అయిపోయింది, విశాఖపట్నం నుంచి రాలేదు. రోగికి ఏ ఇబ్బందీ లేకుండా ఆపరేషను జరిగింది గదా, ఈ ఒక్కసారికి పరీక్ష వద్దులెండి అన్నాను. ఆవిడ ముందే ఆలోచించి పెట్టుకున్నారు. పాలు వడకట్టి, సీసాలో పోసి, సామాన్లతోపాటు ఆవిరిలో ఉడికించి సిద్ధంగా ఉంచారు. "తెల్లగా కనబడతాయి కదమ్మా?" అన్నారు. ఇటువంటి పద్ధతి ఉందని నేనెప్పుడో పుస్తకంలో చదివిన మాట నిజమే. ఆవిడ ఏ పుస్తకమూ చదవలేదు. పాలు పంపించాం. గర్భసంచిని విడదీసినచోట, ఎర్రటి కండమీద, ఆవగింజంత తెల్లచుక్క పొడుచుకువచ్చింది. నేనైతే వదిలేసి ఉండేదాన్ని. రెండు వరసల కుట్టు వేసి మళ్ళీ పరీక్షించాం. రాలేదు. ఆ రోగి ఇరవైరెండేళ్ళ పిల్ల. ఆమె పేరు రాయను.

ఆవిడలో లోపాలు లేవని చెప్పను. వార్డు ఆయాలమీద అరిచేవారు. రోగుల చుట్టాలను గుమ్మంలోనే దులిపేసేవారు. నాలుగు మంచి మాటలతో చెప్పవచ్చు గదా అంటే, "మంచి మాట్లకి టైమేదమ్మా" అనేవారు. నన్ను ఒక్కనాడూ మెచ్చుకోలేదు. పని చాలా బాగా చేశాననుకున్న రోజున, "బాగానే ఉన్నాది" అంటే అదే నాకు ఇంకో పతకం.

ఇక చెప్పవలసింది మిగిలింది. పైడమ్మ ఆపరేషను జరిగిన మరుసటి సంవత్సరం విశాఖపట్నంలో వైద్యుల సభ జరిగింది. అక్కడ నేను ఒక వ్యాసం చదివాను. గర్భసంచి ఆపరేషనులో కడుపు మూసేముందు మూత్రనాళాలను పరీక్షించి తీరాలని వాదించాను. పైడమ్మ కథ వివరంగా చెప్పాను. "రక్తస్రావం ఆగిన అనంతరం నాకు సందేహం కలిగి పరిశీలించగా" అని అందులో రాశాను. పెద్దలు మెచ్చుకున్నారు. ఒక వృద్ధ వైద్యులు లేచి, ఇంత చిన్న వయసులో ఇంత జాగ్రత్త అరుదు అన్నారు. ఆ మాటను కాదని చెప్పడానికి వేదికమీద నాకు చాలినంత సమయం ఉంది. చెప్పలేదు. ఎవరి భయమూ లేదు, ఉద్యోగం పోయే ప్రమాదమూ లేదు. చప్పట్లు నాకు ఇష్టమయ్యాయి, అంతే.

మర్నాడు చోడవరం వచ్చేసరికి నర్సమ్మగారు వరండాలో ఎదురుగా వచ్చి, "ఏటన్నారమ్మా మీ డాక్టర్లు?" అని ఆత్రంగా అడిగారు.

"బాగుందన్నారు. ఇకమీదట తామూ చూస్తామన్నారు" అన్నాను.

"సూస్తామన్నారా? అంతమందీ?" అని రెట్టించి అడిగారు. ఆవిడ ముఖం అంత వికసించడం నేను మరెప్పుడూ చూడలేదు. తన పేరు చెప్పానా అని అడగలేదు. ఆ ప్రశ్న ఆవిడకు తోచలేదనే నా నమ్మకం. చెప్పేద్దామని తరువాత ఎన్నోసార్లు అనుకున్నాను. ఇవాళ కాకపోతే రేపు చెప్పవచ్చునని మూడేళ్ళు గడిపాను.

గురువారం సాయంకాలం దేవరాపల్లి వెళ్ళాను. అప్పటికే అంతా ముగిసింది. ఆవిడ స్థానంలో ఇంకొక నర్సు వస్తుంది. శిక్షణ పొందినదే వస్తుంది, మర్యాదగా మాట్లాడేదే వస్తుంది. నా చెయ్యి ఆపగలిగిన మనిషి మళ్ళీ వస్తుందన్న ఆశ నాకు లేదు. ఆ మహనీయురాలికి నేను చెయ్యగల నివాళి ఒకటే, నా వ్యాసాన్ని దిద్దుకోవడం. ఆ సభలో నా మాట విన్న వైద్యులు ఇది చదువుతారనే ఆశతో రాస్తున్నాను. ఆ రోజున సందేహం కలిగింది నాకు కాదు. నేను కుట్టెయ్యబోయాను. ఆగమన్నది అప్పలనర్సమ్మగారు.